దంతశాస్త్రమునకు పునాది వేసిన జాన్ హంటరు



గడచిన వానకాలమున కొల్లేటి లంక గ్రామములలో మా సంఘపు కుటుంబములను దర్శింప వెళ్లినప్పుడు, ఒక యింటి తల్లి మమ్మును అరుగుమీద కూర్చుండబెట్టి తన దిగులు చెప్పుకొనెను. ఆమె కుమార్తెకు దంతవైద్య విద్యలో సీటు దొరకినది. చేపల వేటమీద బ్రదుకు ఇంటినుండి ఒక ఆడపిల్ల వైద్యురాలగుట చిన్న సంగతి కాదు గనుక మేము సంతోషముతోనే వెళ్లితిమి. తల్లికి మాత్రము నిద్ర లేదు. మొదటి సంవత్సరమందే పిల్లలచేత శవమును కోయింతురట, పండ్లు బాగుచేయు చదువునకు చచ్చినవారి మెడ కోయవలసిన పని యేమి అయ్యగారూ, ఇది పాపము కాదా అని ఆమె మమ్ము నడిగెను.

మేము వెంటనే జవాబు చెప్పలేకపోతిమి. సెమినరీలో మాకు హెబ్రీ, గ్రీకు భాషలు కొంత నేర్పిరి గాని దవడ ఎముక సంగతి ఎవరును నేర్పలేదు.

ఆ పిల్లయే మాకు ఉపాధ్యాయురాలాయెను. ఏలూరు చెంత దుగ్గిరాలలో సెయింట్ జోసెఫ్ దంతవైద్య కళాశాల యున్నది, భీమవరమున మరియొకటి యున్నది. ఎక్కడ చేరినను మొదటి యేట శరీర నిర్మాణ శాస్త్రము తప్పదనియు, అందులో ముఖ్యభాగము తల, మెడ అనియు ఆమె చెప్పి, లోపలనుండి ఒక లావు పుస్తకము తెచ్చి పటములు చూపెను. పన్ను ఒంటరిగా పాతిన రాయి కాదు. క్రింది దవడ ఎముక లోపల సన్నని సొరంగమొకటి యున్నది. దానిలో ఒక నరమును రక్తనాళములును వెనుకనుండి ముందుకు నడచి, పంటి వేళ్లన్నిటికి కొమ్మల నిచ్చును. ఆ నరపు శాఖ యొకటి గడ్డమునకు ప్రక్కగా నున్న చిన్న రంధ్రముగుండ వెలుపలికి వచ్చి పెదవికి పోవును. క్రింది దౌడపన్ను తీయుటకు ముందు తిమ్మిరి కొరకు వేయు సూదిమందు ఆ నరము ఎముకలోనికి దూరు చోటికి చేరవలెను. చోటు తప్పెనా, సూది పొడిచిన బాధ దక్కును గాని పంటి బాధ పోదు. పై దవడ ఎముకలో గాలితో నిండిన గది యొకటి కలదు. వెనుక పండ్ల వేళ్లకును ఆ గదికిని నడుమ కొందరిలో కాగితమంత ఎముకయే యుండును. ఇక క్రింది దౌడపంటి చీము నాలుక క్రిందికిని మెడలోనికిని దిగినయెడల గొంతు పూడుకొని ఊపిరి ఆగి మనిషి చనిపోవచ్చును.

ఈ కడపటి మాట వినగానే మా చెయ్యి మా మెడమీదికి పోయెను. మేము పదేండ్ల వారమై యుండగా తాడేపల్లిగూడెము సంతకు మా తండ్రిగారితో వెళ్లి, దారిప్రక్క గుడ్డ పరచుకొని కూర్చున్న ఒక మనిషిచేత దౌడపన్ను పీకించుకొంటిమి. పన్ను సగము విరిగి లోపలనే నిలిచెను. మూడవనాటికి మెడ వాచి, నోరు తెరువరాక, గంజి కూడ మ్రింగలేకపోతిమి. మా తల్లి పసుపు పట్టు వేసి ప్రార్థన చేసెను. తరువాత ఆసుపత్రిలో చీము తీసిరి. ఆ మనిషిమీద మాకు కోపము లేదు. పంటి క్రింద ఏమున్నదో ఆయనకు ఎవరు చెప్పిరి?

పంటి క్రింద ఏమున్నదో చూచి, వ్రాసి, పటములు వేయించి లోకమునకు చెప్పినవారిలో ముఖ్యుడొకని పేరు ఆ పిల్ల పుస్తకములో కనబడెను. ఆయన జాన్ హంటరు. ఏలూరికి పోయినప్పుడు ఆయన చరిత్ర సంపాదించి చదివితిమి. చదివినకొలది ఆ తల్లి ప్రశ్న మాకు చిన్నదిగా తోచలేదు, మరింత పెద్దదాయెను.

హంటరు 1728వ సంవత్సరము ఫిబ్రవరిలో స్కాట్లండు దేశమున, ఈస్ట్ కిల్‌బ్రైడు అను ఊరి చెంత లాంగ్ కాల్డర్‌వుడ్ అను పల్లెయింట పుట్టెను. పదిమంది బిడ్డలలో కడపటివాడు. తండ్రి పోవునప్పటికి పదమూడేండ్లు. బడి అతనికి సహింపలేదు. పొలములవెంట తిరుగుచు, చీమలను, పక్షులను, తలకప్పలను, చెట్ల ఆకులను చూచుచు, ఎవరును జవాబు చెప్పలేని ప్రశ్నలతో పెద్దలను విసిగించుచుండెను. అక్షరదోషములు జీవితాంతము అతని వ్రాతను వదలలేదు. పదునేడేండ్లప్పుడు గ్లాస్గో పట్టణమునకు పోయి, కొయ్య సామానులు చేయు తన బావయొద్ద కొంతకాలము పని చేసెను. ఆ బావ వ్యాపారము చెడిపోయెను. అతనివంటి పిల్లవాడు మన ఊళ్లలో నుండినయెడల వీనికి చదువు రాదని చెప్పి గేదెల వెంట పంపియుందుము.

పెద్దన్న విలియం హంటరు అప్పటికి లండనులో పేరుగల వైద్యుడు. ఆయన 1746లో కోవెంట్ గార్డెన్ అను పేటయందు శరీర నిర్మాణ శాస్త్రపు బడి తెరచియుండెను. 1748లో జాన్ గుఱ్ఱమెక్కి లండను చేరి అన్న చెంత పనికి కుదిరెను. అన్న మొదట ఒక శవముయొక్క చేతినిచ్చి కండరములు విడదీసి చూపుమనెను. కొయ్యపని నేర్చిన వ్రేళ్లు గనుక తమ్ముడు దానిని ఎంతో శుభ్రముగా చేసెను. అప్పటినుండి పన్నెండు చలికాలములు, కుళ్లు తక్కువగా నుండు ఆ నెలలలో, అతడు తెల్లవారకమునుపే లేచి శవముల చెంత నిలిచెను. ఫార్మలిన్ ద్రావకము లేని రోజులు. ఆ కంపు మేము ఇక్కడ వ్రాయము.

ఆ శవములు ఎక్కడివి? ఇక్కడనే ఈ చరిత్ర మన ముఖమున నీళ్లు కొట్టును. ఉరితీయబడిన కొందరి శవములను మాత్రమే ఆ దేశపు చట్టము వైద్యుల కిచ్చెను. విద్యార్థులు వందలు, శవములు కొన్ని. అందుచేత రాత్రివేళ సమాధులను త్రవ్వి కొత్తగా పాతిపెట్టిన వారిని దొంగిలించు ముఠాలు లండనులో పుట్టెను. వింత యేమనగా, చట్టము దృష్టిలో శవము ఎవరి సొత్తును కాదు గనుక దానిని ఎత్తుకొనిపోవుట దొంగతనము కాలేదు. దానిమీది గుడ్డ నెత్తుకొనిపోయిన దొంగతనమే. గుడ్డను గోతిలో పారవేసి శవమును మోసికొనిపోయిరి. ధనవంతులు ఇనుప పెట్టెలలోను రాతి గదులలోను తమవారిని పెట్టుకొనిరి. పేదల గోతులు లోతు తక్కువ, కావలి లేదు. అన్న బడికి శవములు తెచ్చు ఏర్పాటు తమ్ముని పని. ఎవరి కొడుకు, ఎవరి భార్య అని అతడు అడుగలేదు.

అట్లు నేర్చినదే గాని, నేర్చినది గొప్పది. ముక్కులోని నరములను అతడు దారపు పోగులవలె విడదీసి వెదకెను. మెదడునుండి పుట్టు మొదటి జత నరములు వాసనకు. అయిదవ జత నరముల కొమ్మలు కూడ ముక్కులోనికి వచ్చును, అవి స్పర్శకు, నొప్పికి. రెండు వేరు నరములకు రెండు వేరు పనులు అని అతడు చూపెను. నేడు దంతవైద్య విద్యార్థి మొట్టమొదట ప్రాణముతో పట్టుకొను నరము ఈ అయిదవ జతయే. ముఖమంతటికి, పండ్లన్నిటికి నొప్పి తెలియుట దానివలననే.

అంత శ్రమవలన ఆరోగ్యము చెడి, సైన్యవైద్యుడై 1761లో ఫ్రాన్సు తీరమునందలి బెల్ ఈల్ దీవికిని తరువాత పోర్చుగల్లునకును పోయెను. తుపాకి గాయములను ఊరక పెద్దవిచేసి కెలకరాదని అక్కడ నేర్చుకొనెను. అయితే కొల్లేటివారమగు మనకు నచ్చు సంగతి మరియొకటి యున్నది. చేపలకు వినికిడి కలదా లేదా అని పండితులు వాదించుచుండిరి. పోర్చుగల్లులో ఒక పెద్దమనిషి తోటలోని చెరువు గట్టున హంటరు పండుకొని చేపలను చూచుచు, ఒక మిత్రునిచేత పొదలచాటున తుపాకి పేల్పించెను. పొగగాని మెరుపుగాని చేపలకు కనబడదు, చప్పుడు మాత్రమే. ఆ చప్పుడుతోనే చేపలన్నియు మాయమై, చెరువడుగు బురద మేఘమువలె పైకి లేచెను. తరువాత చేపల తలలు కోసి, వెలుపల రంధ్రము లేకపోయినను లోపల చెవి యున్నదని 1782లో వ్రాసెను. తాటిదోనె ప్రక్కను కర్రతో కొట్టి చేపలను వలలోనికి తోలు మన తాతలకు ఇది కొత్త కాదు. కొన్ని చేపల తలలో పంటికి తగులు తెల్లని రాళ్లు ఆ చెవిలోనివే అని మాత్రము మాకు ఇప్పుడే తెలిసినది. మా యింట తలకాయ పులుసు తినునప్పుడెల్ల వాటిని ఊరక ఉమ్మివేసితిమి.

1763లో తిరిగి లండను వచ్చునప్పటికి అన్న బడిలో అతని స్థానము ఇంకొకరి కిచ్చిరి. చేతిలో పని లేదు, సైన్యపు సగము జీతము మాత్రమే. అప్పుడు స్పెన్సు అను దంతవైద్యునితో కూడి పనిచేసెను. ఆనాటి పేరుగల శస్త్రవైద్యులకు పంటిపని నామర్దా. మంగలులును కమ్మరులును చేయు పని అది. శస్త్రవైద్యులు మంగలులనుండి వేరుపడి తమ సంఘము పెట్టుకొన్నదే 1745లో. మరల ఆ పనికి దిగుట ఎవరికి ఇష్టము? హంటరు సిగ్గుపడలేదు. మేము ఈ సంగతికే ఆయనకు ఎక్కువ మార్కులిత్తుము.

ఆ యేండ్ల ఫలముగా 1771లో మానవ దంతముల ప్రకృతి చరిత్ర అను గ్రంథమును, 1778లో దంతరోగములనుగూర్చిన రెండవ భాగమును ప్రచురించెను. పుట్టని శిశువు మొదలు ముసలివాని వరకు దవడ ఎముకలను వరుసగా పేర్చి, పాలపన్ను క్రింద పెద్దపన్ను గూటిలో ఎట్లు కాచుకొనియుండునో, దవడ వెనుకవైపున పెరిగి దౌడపండ్లకు ఎట్లు చోటిచ్చునో చూపెను. బిడ్డకు ఇరువది పాలపండ్లు, పెద్దలకు ముప్పదిరెండు. వాటిని కొరుకునవి, కోరలు, కోరకు వెనుక రెండు మొనలవి, నమలునవి అని నాలుగు తెగలుగా విభజించెను. కస్పిడ్, బైకస్పిడ్ అను ఆయన పుస్తకపు పేర్లను నేటికిని దంతవైద్యులు పలుకుచున్నారు. నోరు మూసినప్పుడు ఏ పన్ను దేనిమీద వ్రాలునో, ఆ కదలిక కేయే కండరములు పనిచేయునో అన్నియు అందున్నవి. రిమ్స్‌డైక్ అను చిత్రకారుడు వేసిన పటములు గూడ చక్కనివి.

రెండవ భాగములో ఒక మాట మన పల్లెలలో అందరును వినవలసినది. కొందరికి దవడలో కత్తితో పొడిచినట్లు నొప్పి వచ్చును. వారు పన్నే కారణమనుకొని ఒకటి తీయింతురు, నొప్పి పోదు, ప్రక్కది తీయింతురు, అటుపిమ్మట ఆ ప్రక్కనున్నవన్నియు తీయింతురు, నొప్పి అట్లే యుండును. అది పంటి రోగము కాదు, నరపు నొప్పి అని హంటరు హెచ్చరించెను. ముఖమునకు నీళ్లు తగిలినను, గాలి వీచినను మెరుపువలె వచ్చు ఆ బాధను అయిదవ నరపు బాధగా నేటి వైద్యులు గుర్తించి దానికి వేరు మందులిచ్చుచున్నారు. మా సంఘములో ఒక పెద్దాయన ఇట్లే నాలుగు మంచి పండ్లను పోగొట్టుకొనెను. పంటి పుప్పికి కారణము మాత్రము హంటరునకు తెలియలేదు. సూక్ష్మక్రిములు ఆ పని చేయునని వంద యేండ్ల తరువాత గాని బయటపడలేదు.

ఇక ఆయన తప్పులలో ఒకటి. సజీవమగు పన్ను సజీవమగు మాంసముతో అతుకుకొనునని ఆయన నమ్మెను. అప్పుడే పీకిన మనిషి పన్నును కోడిపుంజు జుట్టులో గంటు పెట్టి నాటగా, అనేక పరీక్షలలో ఒకటి ఫలించి, పంటిలోనికి కోడి రక్తనాళములు ప్రవేశించెను. ఆ కోడితల ముక్క లండను మ్యూజియములో నేటికిని యున్నది. దానిని చూచి ధైర్యము తెచ్చుకొన్నవారై, పన్ను పోయిన ధనవంతుల నోటిలో పేదపిల్లల పండ్లు నాటుట లండనులో ఒక వాడుక ఆయెను. హంటరు దానిని తన పుస్తకమున సమర్థించి, ఒకరి పన్ను సరిపడకపోయినయెడల మరియొకరిది తీయుటకు కొందరిని సిద్ధముగా నుంచుకొనుడని సలహా కూడ ఇచ్చెను. ఆ కొందరు ఎవరు? పొగగొట్టములు తుడుచు కుఱ్ఱవాండ్రు, పనిలేని ఆడపిల్లలు. కొద్ది డబ్బునకు ముందరి పన్ను అమ్ముకొని, చేతిగుడ్డ నోట పెట్టుకొని మెట్లు దిగిరి. 1787లో రోలండ్సన్ అను చిత్రకారుడు ఈ దృశ్యమును ఎగతాళి చిత్రముగా వేసెను. నాటిన పండ్లు కొన్నాళ్లకు ఊడిపోయెను. కొందరికి వాటివెంట సుఖవ్యాధివంటి రోగము గూడ అంటెను. అది ఆ వ్యాధియే కాదని హంటరు వాదించెను. తన చేతిపనిమీద మచ్చ పడుటను ఒప్పుకొనుట గొప్ప బుద్ధిమంతులకును కష్టమే. అప్పు తీర్చుకొనుటకు మూత్రపిండము అమ్ముకొనిన పేదల వార్తలు మన తెలుగు పత్రికలలో చదివినప్పుడెల్ల ఆ పొగగొట్టపు కుఱ్ఱవాడు మా కన్నుల యెదుట నిలుచును.

1771లోనే ఆయన ఆన్ హోమ్ అను కవయిత్రిని పెండ్లాడెను. సెయింట్ జార్జి ఆసుపత్రిలో శస్త్రవైద్యుడుగా, వందలమంది శిష్యులకు గురువుగా పేరు పొందెను. మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నరు ఆయన శిష్యుడే. ఊహించుటతో ఆగక పరీక్షచేసి చూడుమని గురువు అతనికి ఎడతెగక చెప్పుచుండెను. 1785లో మోకాలి వెనుక రక్తనాళము ఉబ్బిన ఒక బండి తోలువాని కాలు కోసివేయక, తొడలో ఆ నాళమును కట్టి కాలు నిలిపెను. వచ్చిన సొమ్మంతయు మనుష్యుల, జంతువుల అవయవములు కూడబెట్టుటకే పోయెను. ఆ సంగ్రహము ఇంచుమించు పదునాలుగు వేల వస్తువులు.

వాటిలో ఒకటి చార్లెస్ బర్న్ ఎముకలు.

బర్న్ ఐర్లండు పల్లెటూరి పేద బిడ్డ. ఆగక పెరిగి ఏడున్నర అడుగులు దాటెను. 1782లో లండను వచ్చి, డబ్బు తీసికొని జనులకు తన్ను చూపుకొనుచు బ్రదికెను. కొన్ని నెలలకు జబ్బుపడెను. శరీరము కోయువారు తన చావు కొరకు కాచుకొనియున్నారని అతనికి తెలియును. తన్ను సీసపు పెట్టెలో పెట్టి సముద్రములో వేయుడని, అక్కడికైతే వారు రాలేరని స్నేహితులను బతిమాలుకొనెను. 1783 జూన్ నెలలో ఇరువదిరెండేండ్ల వయస్సున చనిపోయెను. స్నేహితులు పెట్టెను మోసికొని సముద్రమునకు పోయిరి. దానిలో బర్న్ లేడు. హంటరు చాల ధనము పోసి దేహమును ముందే తెప్పించుకొని, తన యింట పెద్ద కాగులో ఉడికించి ఎముకలు వేరుచేసెను. కొన్ని యేండ్లు దాచి తరువాత ప్రదర్శించెను. 1786లో రేనాల్డ్స్ అను చిత్రకారుడు వేసిన హంటరు చిత్రపటమున, మూలగా, వ్రేలాడు రెండు పొడుగాటి పాదముల ఎముకలు కనబడును.

ఐగుప్తులో చనిపోవుచు యోసేపు తన ఎముకలనుగూర్చి సహోదరులచేత ప్రమాణము చేయించుకొనెను. తరములు గడచినను మోషే వాటిని మరువక తీసికొనిపోయెను. బర్న్ స్నేహితులకు ఒక దినము కావలి కాయుట చేతకాలేదు, లేక డబ్బునకు లోబడిరి. హంటరువంటివానికి, నరపు పోగును తెగకుండ విడదీయు ఓర్పుగలవానికి, చనిపోవువాని కోరిక కనబడకపోవుట ఎట్లో మాకు అర్థము కాలేదు. మేము ఆ భాగము చదివి పుస్తకము మూసి రెండు దినములు మరల తెరువలేదు.

తరువాత జరిగినది గూడ చెప్పవలెను, లేనియెడల సత్యము సగమే చెప్పినవారమగుదుము. 1909లో కుషింగు, కీత్ అను ఇద్దరు వైద్యులు బర్న్ కపాలము తెరచి చూడగా, మెదడు క్రింద పీయూష గ్రంథి కూర్చుండు ఎముక గుంట మామూలుకంటె పెద్దదై యుండెను. ఆ గ్రంథిలో పెరిగిన కంతియే అతనిని అంత ఎత్తు పెంచెనని అందువలన తేలెను. 2011లో అతని రెండు దౌడపండ్లనుండి తీసిన వంశధాతువును పరీక్షించి, ఆ రోగము వంశములో దిగు దోషమని కనుగొనిరి. ఆ దోషమే ఇప్పుడు ఉత్తర ఐర్లండులో జీవించుచున్న కొన్ని కుటుంబములలో నున్నది. ముందే పరీక్ష చేయించుకొన్నవారు ముందే చికిత్స పొందగలరు. ఎవరి పండ్లను దొంగిలించి దాచిరో ఆ పండ్లే నేడు అతని దూరపు బంధువుల బిడ్డలకు మేలు చేయుచున్నవి. దొంగతనము దీనివలన ఒప్పగునా అని మమ్ము నడిగినయెడల, కాదనియే చెప్పుదుము. మేలు కలుగలేదా అని అడిగినయెడల, కలిగినదని ఒప్పుకొందుము.

హంటరు గుండె జబ్బుమనిషి. కోపము వచ్చినప్పుడెల్ల ఎదలో నొప్పి వచ్చును. తనకు కోపము తెప్పించువాని చేతిలో తన ప్రాణమున్నదని ఆయన ఎరుగును, అయినను కోపము తగ్గలేదు. అన్న విలియముతో కూడ 1780లో ఒక పరిశోధన ఎవరిదను తగవు పెట్టుకొని విడిపోయెను. 1793 అక్టోబరు 16న సెయింట్ జార్జి ఆసుపత్రి సభలో, ఇద్దరు స్కాట్లండు యువకులను విద్యార్థులుగా చేర్చుకొనుటనుగూర్చి వాదము పెరిగి, మాట ఆపుకొని ప్రక్కగదిలోనికి పోయి అక్కడనే కూలి చనిపోయెను. అరువదియయిదేండ్లు. ఆయన శరీరమును గూడ కోసి చూచిరి. గుండెకు రక్తమిచ్చు నాళములు ఎముకవలె గట్టిపడియుండెను.

ఇంటినిండ అప్పులు మిగిలెను. క్లిఫ్టు అను యువకుడు, వారమునకు ఏడు షిల్లింగుల జీతముతో, ప్రభుత్వము 15,000 పౌనులకు కొనిన 1799 వరకు ఆ సంగ్రహమును కావలి కాచెను. గురువు చేతివ్రాతలను రాత్రులు కూర్చుండి కొన్నిటిని నకలు వ్రాసికొనెను. మంచిదాయెను, హంటరు బావమరిది ఎవరార్డ్ హోమ్ ఆ వ్రాతలలోని సంగతులను తనవిగా ప్రచురించుకొని 1823లో అసలు కాగితములను కాల్చివేసెను. సంగ్రహములో పెద్దభాగము 1941లో శత్రువుల బాంబులకు నాశనమాయెను. బర్న్ ఎముకలు మిగిలెను.

హంటరు శవపేటికను సెయింట్ మార్టిన్ దేవాలయపు నేలమాళిగలో పెట్టియుండిరి. 1859లో ఆ మాళిగను మూసివేయుటకు నిశ్చయించినప్పుడు, బక్లండు అను వైద్యుడు వేలకొలది పేటికలను దినములతరబడి ఒక్కొక్కటిగా జరిపి వెదకి, కడపట దొరకిన కొద్దిపేటికలలో హంటరు పేరు చూచెను. గౌరవముతో తీసికొనిపోయి వెస్ట్‌మినిస్టరు అబ్బేలో మరల సమాధిచేసిరి.

ఇవన్నియు చదివి, గడచిన నెలలో మరల ఆ లంక గ్రామమునకు వెళ్లితిమి. తల్లిని కూర్చుండబెట్టి, శవమును చూచి నేర్చుకొనుట పాపము కాదని మా అభిప్రాయము చెప్పితిమి. మన దేశమున సుశ్రుతుడు కూడ వైద్యుడు కాగోరువాడు శవమును పారు నీటిలో నానబెట్టి పొరపొరగా చూడవలెనని నేర్పెను; ఇంగ్లీషు వైద్యవిద్యలో 1836లో కలకత్తాయందు మధుసూదన గుప్త మొదట కత్తి పట్టెను. మూర్ఖత్వముతో పీకిన పంటివలన చచ్చిపోవుటకంటె, తెలిసిన చేతిక్రింద బ్రదుకుట మేలు. అయితే ఆ బల్లమీద పండుకొన్నవారు ఎట్లు వచ్చిరన్నది వేరు ప్రశ్న. నేడు అనేకులు తమంతట తామే సంతకము చేసి, చనిపోయిన తరువాత తమ దేహమును కళాశాలకిచ్చుచున్నారు. దిక్కులేనివారి శవములను చట్టప్రకారము ఇచ్చుటయు కలదు. ఆ దిక్కులేనివారు మాత్రము ఇప్పటికిని ఎవరినడిగి ఇచ్చిరో చెప్పలేము. ఈ దినములలో పలు కళాశాలలలో పిల్లలు మొదటి దినమున శవము చెంత నిలిచి, దానిని గౌరవింతుమని ప్రమాణము చేయుదురని ఆ పిల్ల తల్లికి చెప్పెను. ఎవరి శరీరమో వారి పేరు మాకు తెలియనీయరు గాని, ప్రార్థనలో వారిని తలంచుకొందునని గూడ చెప్పెను.

తల్లి సరేయనెను. పిల్ల బట్టలు సర్దిన పెట్టె వాకిట సిద్ధముగా నుండెను. ఏలూరు బస్సునకు ఇంకను గంట వ్యవధి యుండెను. ఆ వ్యవధిలో మేము ఆమెకు బర్న్ సంగతి చెప్పితిమి, చెప్పకుండ నుండలేకపోతిమి. ఆమె కొల్లేటివైపు చూచుచు వినెను. ఆ బిడ్డ ఎముకలను ఇప్పటికైనను సముద్రములో వేసిరా అయ్యగారూ అని అడిగెను. 2023లో ఆ మ్యూజియమును మరల తెరచినప్పుడు జనులకు చూపుట మానివేసిరి గాని, పరిశోధన కొరకని చెప్పి లోపల దాచియుంచిరని, సముద్రములో వేయలేదని చెప్పితిమి.